ఏ కమాండ్ ఫెయిలైందో కూడా చెప్పండి: డ్రైవర్లు రాసే ఇంజనీర్లకు ఒంగోలు నుంచి బహిరంగ లేఖ

డ్రైవర్ కోడ్ రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్కారం. నేను ఒంగోలులో ఉంటాను. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో కంప్యూటర్లు, వేబ్రిడ్జిలు, కొత్తపట్నం నుంచి కిందికి అల్లూరు, ఇందుకూరుపేట దాకా రొయ్యల గుంటల మీద పెట్టే కంట్రోల్ ప్యానెళ్లు బాగుచేయడం నా పని. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో చదువుకుని బెంగళూరు, హైదరాబాద్ వెళ్లిన పిల్లల్లో స్టోరేజీ, యూఎస్‌బీ, సీరియల్ పోర్టు డ్రైవర్లు, అంటే కంప్యూటర్‌ను ఆ పరికరాలతో మాట్లాడించే ప్రోగ్రాములు, రాసేవాళ్లు ఉన్నారు. మీరు అక్కడ కూర్చుని రాసిన కోడ్ తిరిగి తిరిగి మన ఊళ్లకే వస్తోంది. గుంట గట్టు మీద షెడ్డులో గోడకు బిగించిన చిన్న డబ్బాలో లైనక్స్ నడుస్తుంటుంది, అందులో మీ డ్రైవర్ ఉంటుంది. అది పనిచేసినన్నాళ్లు దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఒక కమాండ్ ఫెయిలైన రోజున మీరు రాసిపెట్టిన ఒక్క లైను నా ముందుకొస్తుంది. ఆ లైను గురించే ఈ ఉత్తరం.

నాకు ఎక్కువగా కనబడే లైను ఇలా ఉంటుంది:

"కమాండ్ ఫెయిల్డ్, రెట్ = -5"

ఇంతకు మించి ఒక్క అక్షరం ఉండదు. ఏ కమాండో లేదు. సెన్సర్ తీగను కంప్యూటర్‌కు కలిపే ఒకే రకం కన్వర్టర్లు నాలుగు తగిలించి ఉంటే వాటిలో దేనిదో లేదు. పరికరం ఏం జవాబిచ్చిందో, అసలు జవాబిచ్చిందో లేదో లేదు. మైనస్ 5 అంటే ఈఐఓ, ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. అది అన్నిటికీ సరిపోయే అంకె కాబట్టే దేనికీ పనికిరాదు. తీగ తెగినా అదే, పరికరం ఒప్పుకోకపోయినా అదే, వచ్చిన బైట్లు చెడిపోయినా అదే.

స్పీడ్ పోస్టు తిరిగొస్తే కవరు మీద కారణం రాసి ఉంటుంది: తలుపు తాళం వేసి ఉంది, ఈ చిరునామాలో ఆ పేరుగలవారు లేరు, తీసుకోవడానికి నిరాకరించారు. మూడింటికీ మనం చేయాల్సిన పని వేరు కాబట్టి ఏ పోస్టుమ్యానూ ఒట్టి "ఇవ్వలేదు" అని రాసి ఊరుకోడు. మీ డ్రైవర్‌కు కూడా ఆ కారణం తెలుసు. తెలిసి కూడా రిటర్న్ విలువగా మార్చేటప్పుడు పారేస్తోంది. నా బాధంతా అదే.

గుంట దగ్గర ఇది ఎలా ఉంటుందో వివరంగా చెబుతాను. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను ఇక్కడ రైతులు డీవో అంటారు. పగలు నీళ్లలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే డీవో బాగా పడిపోయేది తెల్లవారుజామున. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలంటారు. మరీ తగ్గితే రొయ్యలు పైకి తేలతాయి, ఆ పూటకే పంట పోవచ్చు. డబ్బా చేసే పని చిన్నదే: ఆర్‌ఎస్-485 తీగ మీద మోడ్‌బస్ అనే ప్రశ్న-జవాబు పద్ధతిలో సెన్సర్‌ను రీడింగ్ అడగాలి, తక్కువైతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ స్టార్టర్‌కు ఆన్ కమాండ్ పంపాలి. ఆ అడగడం ఫెయిలైంది, లాగ్‌లో, అంటే జరిగినవన్నీ డబ్బా రాసుకునే చిట్టాలో, మైనస్ 5 పడింది.

ఇప్పుడు ఆ మైనస్ 5 వెనక ఏముండొచ్చు? ఒకటి, సెన్సర్ జవాబే ఇవ్వలేదు. అంటే సెన్సర్‌కు కరెంటు లేదు, లేదా తీగ తెగింది, లేదా స్లేవ్ అడ్రసు (ఆ తీగ మీద సెన్సర్ నంబరు) తప్పు. రెండు, జవాబు వచ్చింది కానీ సీఆర్‌సీ (బైట్లు దారిలో చెడలేదని సరిచూసే అంకె) కలవలేదు. అంటే ఉప్పుగాలికి టెర్మినల్ చిలుము పట్టింది, లేదా తీగ చివర పెట్టాల్సిన 120 ఓమ్‌ల రెసిస్టర్ లేదు, లేదా మోటారు కేబుల్ పక్కనే సిగ్నల్ తీగను కట్టేశారు. మూడు, సెన్సర్ శుభ్రంగా జవాబిచ్చింది, "నువ్వడిగిన రిజిస్టర్ (విలువ ఉండే గడి) నా దగ్గర లేదు" అని. పాత సెన్సర్ తీసి కొత్త మోడల్ పెట్టినప్పుడు జరిగేది ఇదే. దీనికి టార్చిలైటు, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, సెట్టింగుల్లో ఒక అంకె మారిస్తే చాలు.

మూడో రకంలో తీగ మీద వచ్చే బైట్లు ఇలా ఉంటాయి: 01, 83, 02, ఆ వెనక రెండు సీఆర్‌సీ బైట్లు. 01 సెన్సర్ అడ్రసు. 83 అంటే మనం పంపిన ఫంక్షన్ 03కే పై బిట్ పెట్టి తిప్పి పంపడం, అంటే తిరస్కారం. 02 అంటే ఆ అడ్రసు చెల్లదని. ఇంత వివరంగా సెన్సర్ చెప్పింది. కోడ్ దాన్ని చదివింది. చదివి, 02ను పక్కన పడేసి, మైనస్ 5 అని పైకి పంపింది. ఆ మూడు బైట్లు లాగ్‌లో ఉండి ఉంటే రైతుకు ఫోన్లోనే చెప్పి సరిచేయించేవాణ్ని. లేవు కాబట్టి బండి తీసి హైవే ఎక్కాలి, వెళ్లి గట్టు పొడవునా తీగ తడుముకుంటూ పోవాలి. ఈలోపు ఆ కుటుంబం రాత్రంతా గట్టు మీదే కాపలా, ఏరియేటర్లు చేత్తో ఆన్ చేసుకుంటూ.

అందరూ ఇలా రాస్తారని నేననను. బాగా రాసినవాళ్లూ మీలోనే ఉన్నారు. చీమకుర్తిలో వేబ్రిడ్జి గది అంటే చుట్టూ రాతి పొడి, బయట బ్లాకులు ఎక్కించుకున్న లారీలు వరుసగా నిలబడి ఉంటాయి. కాటా చీటీ రానిదే లారీ కదలదు. ఆ గదిలో కంప్యూటర్ తరచూ బిగుసుకుపోతోందంటే లైనక్స్ కెర్నల్ (డ్రైవర్లు ఉండే మూల భాగం) లాగ్ తెరిచి చూశాను. సాటా డిస్కులను నడిపే లైబ్రరీ కోడ్ రాసిన లైన్లు వరుసగా ఉన్నాయి. ఫెయిలైన కమాండ్ పేరు "రీడ్ ఎఫ్‌పీడీఎంఏ క్యూడ్" (డేటా చదవమనే కమాండ్) అని పూర్తిగా ఉంది. దాని కింద పంపిన కమాండ్ రిజిస్టర్ల విలువలు, దాని కింద డిస్కు తిరిగిచ్చిన విలువలు. కింద ఎర్రర్ బిట్లు విప్పి పేర్లతో సహా: "ఐసీఆర్‌సీ, ఏబీఆర్‌టీ". అక్కడ "యూఎన్‌సీ" అని ఉంటే డిస్కు మీద ఆ చోటు చదవలేని స్థితికి వచ్చినట్టు, డేటా కాపీ చేసుకుని డిస్కు మార్చాలి. ఐసీఆర్‌సీ అంటే డేటా దారిలో చెడింది, అనుమానించాల్సింది ముందు కేబుల్‌ను. డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ పట్టికలో 199వ అంశం, సీఆర్‌సీ తప్పుల లెక్క, అది కూడా పెరుగుతోంది. కేబుల్ మార్చాం, కాటా నడిచింది. డిస్కు మార్చి ఉంటే ఖర్చూ దండగ, జబ్బూ అలాగే ఉండేది. ఆ లైన్లు రాసినాయన ఎవరో చీమకుర్తి పేరు కూడా విని ఉండరు. అయినా ఆయన ఆ రోజు మా పక్కన నిలబడ్డట్టే లెక్క.

ఎన్‌వీఎంఈ అనే వేగమైన ఎస్‌ఎస్‌డీ డిస్కుల విషయంలో కూడా ఇలాంటి మంచి పని జరిగింది. 2022లో లైనక్స్ 5.18తో ఆ డ్రైవర్‌లో ఫెయిలైన కమాండ్ల లాగింగ్ మార్చారు. అంతకుముందు పై పొర నుంచి సెక్టార్ నంబరుతో ఐఓ ఎర్రర్ అని కనబడేది, డిస్కు ఇచ్చిన స్టేటస్ యథాతథంగా బయటికొచ్చేది కాదు. మార్చాక ఒకే లైనులో ఏ డిస్కు, రీడా రైటా, ఏ బ్లాకు దగ్గర మొదలై ఎన్ని బ్లాకులు, ఏ స్టేటస్ రకం, ఏ కోడ్, "మళ్లీ ప్రయత్నించొద్దు" అనే డీఎన్ఆర్ బిట్ ఉందా లేదా, అన్నీ వస్తున్నాయి. కెర్నల్ కట్టేటప్పుడు దానికి సంబంధించిన ఆప్షన్ పెట్టుకుంటే కోడ్‌కు పేరు కూడా పక్కనే వస్తుంది. డబ్బాలకు కెర్నల్ కట్టేవాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ ఆప్షన్ ఆపి మీరు మిగుల్చుకునే నాలుగు కిలోబైట్ల కంటే అది మాకు చేసే మేలు చాలా ఎక్కువ.

కాబట్టి నేనడిగేది కొత్త విషయం కాదు. కమాండ్ ఫెయిలైనప్పుడు ఆ లైనులో ఏ పరికరమో ఉండాలి, ఏ కమాండో ఉండాలి, పరికరం ఇచ్చిన జవాబు ఉన్నది ఉన్నట్టు ఉండాలి, ఆ తర్వాత డ్రైవర్ ఏం చేసిందో ఉండాలి.

పరికరం పేరు సంగతి తేలికే. లాగ్‌లో రాయడానికి పీఆర్_ఎర్ర్ బదులు డెవ్_ఎర్ర్ ఫంక్షన్ వాడితే డ్రైవర్ పేరు, బస్సు, పోర్టు నంబరు లైను ముందు వాటంతటవే వస్తాయి. ఇంతమాత్రం చేసినా నాలుగు కన్వర్టర్లలో ఏది పీకాలో తెలుస్తుంది. కమాండ్‌ను ఆప్‌కోడ్ అంకెతో (ఆ కమాండ్ నంబరుతో) ఇవ్వండి, పేరు తెలిస్తే పేరూ ఇవ్వండి. డిస్కులకు కమాండ్లు పంపే స్కసీ పద్ధతిలో హెక్స్ (16 ఆధారంగా లెక్కించే అంకెల్లో) 28 అంటే రీడ్ 10 అని నాకు తెలుసు, నా దగ్గర పని నేర్చుకునే అబ్బాయికి తెలియదు. వాడు రెండూ చూస్తే నెలలో నేర్చుకుంటాడు.

జవాబు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. స్కసీ పరికరం తప్పు చెప్పేటప్పుడు సెన్స్ కీ, దాని వెంట మరో రెండు బైట్లు ఇస్తుంది. సెన్స్ కీ 3 అయితే మీడియా, అంటే డేటా ఉండే చోటు, పాడు. 5 అయితే మనం పంపిన కమాండే దానికి అర్థం కాలేదు. 6 అయితే దాని స్థితి మారిందని చెబుతోంది, దాంతోపాటు హెక్స్ 29 ఉంటే కరెంటు పోయి వచ్చిందని లేదా రీసెట్ అయిందని. మా దగ్గర కరెంటు పోయి రావడం మామూలే కాబట్టి ఆ ఒక్క బైటు కనబడితే యూపీఎస్ వైపు చూస్తాం, డిస్కు జోలికి వెళ్లం. మీ ఎర్రర్ కోడ్‌లోకి మార్చడం మానేయమని నేననడం లేదు, పైనున్న ప్రోగ్రాములకు అది కావాలి. మార్చే ముందు అసలు బైట్లను ఒకసారి రాసిపెట్టండి. ఎర్రర్ కోడ్‌ను కూడా అంకెగా కాకుండా పేరుగా రాసే వీలు 2020 జనవరిలో వచ్చిన లైనక్స్ 5.5 నుంచి ఉంది, కెర్నల్ లాగ్ రాసే ప్రింట్‌కే ఫార్మాట్లలో పర్సెంట్ పీఈ అని. మైనస్ 110 కంటే ఈటైమ్డ్‌అవుట్ అని కనబడితే షాపులో పిల్లలకు కూడా అర్థమవుతుంది.

టైమవుట్ అయితే ఎంతసేపు చూశారో రాయండి. 50 మిల్లీసెకన్లు చూసి వదిలేయడానికి, 30 సెకన్లు చూసి వదిలేయడానికి చాలా తేడా ఉంది. మొదటిదైతే పరికరం నెమ్మదిగా ఉందేమో అనుకుంటాం, రెండోదైతే చచ్చిందనుకుంటాం. సగం జవాబు వచ్చి ఆగిపోతే ఎన్ని బైట్లు వచ్చాయో కూడా చెప్పండి. సున్నా బైట్లు వేరు, ఎనిమిదికి ఐదు రావడం వేరు.

ఇంకోటి కూడా తరచూ చూస్తుంటాను. మొదటి కమాండ్ ఫెయిలవుతుంది, డ్రైవర్ సర్దుబాటు చేసుకోవడానికి ఇంకో కమాండ్ పంపుతుంది, అదీ ఫెయిలవుతుంది, చివరికి లాగ్‌లో రెండోదాని కోడ్ మాత్రమే మిగులుతుంది. ఫలితం ఉంచే ఒకే రెట్ వేరియబుల్‌ను క్లీనప్‌లో కూడా వాడేయడం వల్ల వచ్చే తంటా ఇది. అసలు జబ్బు మొదటి కోడ్‌లో ఉంటుంది. దాన్ని కాపాడండి.

అదే సందేశాన్ని ఆరు చోట్ల వాడకండి. సోర్స్ చూడగలిగిన మాలాంటివాళ్లం ఆ వాక్యం పట్టుకుని వెతుకుతాం. ఆరు ఫంక్షన్లలో అదే వాక్యం ఉంటే మా వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, వాటిలో న్యాయం ఉంది. ఎక్కువ రాస్తే లాగ్ నిండిపోతుంది, అసలు విషయం చెత్తలో కూరుకుపోతుంది. నిజమే. తెగిన తీగ మీద సెకనుకు పదిసార్లు అడిగే డ్రైవర్ ప్రతిసారీ రాస్తే తెల్లారేసరికి మెమరీ కార్డు నిండుతుంది. దానికి రేట్ లిమిట్ కెర్నల్‌లో ఉన్నదే, మామూలుగా 5 సెకన్లలో 10 సందేశాలు దాటనివ్వదు, ఎన్ని ఆపిందో కూడా చెబుతుంది. మళ్లీ మళ్లీ చేసే ప్రయత్నాలను మామూలుగా కనబడని డీబగ్ స్థాయిలో ఉంచి, ఇక కుదరదని వదిలేసినప్పుడు మాత్రం ఎర్రర్ స్థాయిలో ఒక్క లైను, ఎన్నిసార్లు ప్రయత్నించారో అందులో చేర్చి, రాస్తే చాలు. డైనమిక్ డీబగ్ ఉంది కాబట్టి అవసరమైనప్పుడు మిగతావి మేమే ఆన్ చేసుకుంటాం. పరికరంలో ఫలానా సౌకర్యం ఉందా అని అడిగి చూసే కమాండ్లు ఫెయిలవడం తప్పే కాదు, దాన్ని ఎర్రర్ అని రాయకండి. ఎర్ర అక్షరాల్లో అది చూసి భయపడి మంచి డిస్కులు మార్చేసుకున్నవాళ్లు ఉన్నారు.

భద్రత మాట కూడా నిజమే. కమాండ్ వివరాలు కావాలన్నాను గానీ దాని వెంట వెళ్లే డేటా అక్కర్లేదు. డిస్కు లాక్ తీసే కమాండ్ ఫెయిలైతే పాస్‌వర్డ్ లాగ్‌లోకి రాకూడదు. ఆప్‌కోడ్, పొడవు, స్టేటస్ చాలు. వేగం తగ్గుతుందనే మాట మాత్రం నాకు మింగుడుపడదు. ఇదంతా కమాండ్ ఫెయిలైనప్పుడు నడిచే కోడ్. సవ్యంగా నడిచే దారిలో దీనివల్ల పడే భారం లెక్కలోకి రాదు.

ఇక డబ్బాలు తయారుచేసే కంపెనీల ఇంజనీర్లకు విడిగా ఒక మాట. గుంట దగ్గర ఏదైనా ఆగిపోతే రైతు చేసే మొదటి పని స్విచ్ ఆపి మళ్లీ వేయడం. ఎవరైనా అదే చేస్తారు. "ఏందబ్బయ్యా, ఆపి వేస్తే పనిచేసింది, తెల్లారి మళ్లీ నిలబడిపోయింది" అంటారు. నేను వెళ్లేసరికి లాగ్ ఖాళీ. కెర్నల్ లాగ్ ఉండేది ర్యామ్‌లో కదా. లాగ్‌లన్నీ పోగుచేసే జర్నల్ కూడా ఆటో సెట్టింగులో, దాన్ని దాచే డైరెక్టరీ డిస్కు మీద లేకపోతే, ర్యామ్‌లోనే ఉండి కరెంటుతో పాటు పోతుంది. చివరి లాగ్‌ను ర్యామ్‌లో ఒక మూల దాచే ర్యామూప్స్ లాంటివి రీబూట్ వరకు కాపాడతాయి కానీ స్విచ్ ఆపేస్తే అవీ మిగలవు. ఎర్రర్ స్థాయి లైన్లు మాత్రమైనా, చివరి కొన్ని వందలైనా, ఫ్లాష్ మీద దాచండి. గడియారానికి బ్యాటరీ లేని డబ్బా ప్రతిసారీ ఏదో పాత తేదీతో, చాలాసార్లు 1970 జనవరి 1తో, మొదలవుతుంది కాబట్టి బూట్ నంబరు కూడా పక్కన రాస్తే ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది. ఒక యూఎస్‌బీ స్టిక్ పెడితే లాగ్ దానిలోకి కాపీ అయ్యేలా చేస్తే రైతే నాకు వాట్సాప్‌లో పంపగలడు.

మీ మేనేజర్లకు కూడా ఈ మాట చేరాలి. డ్రైవర్‌ను పరీక్షించేటప్పుడు అన్నీ సవ్యంగా నడిచే దారినే చూస్తున్నారు. ఫెయిలయ్యే దారిని కావాలని నడిపించి, వచ్చిన లైన్లను ఆ డ్రైవర్ రాయని మనిషి ముందు పెట్టండి. లైను చదివి ఏం మార్చాలో ఆ మనిషి చెప్పగలిగితే లైను బాగున్నట్టు. తప్పులు పుట్టించడానికి సాధనాలు కెర్నల్‌లోనే ఉన్నాయి. స్కసీ_డీబగ్ అనే మాడ్యూల్, నిజంగా లేని డిస్కును ఉన్నట్టు సృష్టించి మీడియం ఎర్రర్లు ఇస్తుంది. ఎన్‌వీఎంఈకి ఫాల్ట్ ఇంజెక్షన్ ఉంది. సీరియల్ తీగకైతే ఏ సాధనం అక్కర్లేదు, నడుస్తుండగా పీకి చూడండి, తర్వాత రెండు తీగలూ తారుమారు చేసి చూడండి. మా దగ్గర రోజూ జరిగేవి ఆ రెండే.

ఈ వారం మీ డ్రైవర్ సోర్స్‌లో "ఫెయిల్డ్" అనే మాట ఎక్కడెక్కడ ఉందో ఒకసారి వెతకండి. వాటిలో ఒక్కదాన్ని తీసుకోండి, అన్నీ కాదు. ఆ చోట డ్రైవర్ చేతిలో ఏ సమాచారం ఉందో, అందులో ఎంత బయటికి వస్తోందో చూసి, ప్యాచ్ (సవరణ) రాయండి. కమిట్ సందేశంలో పాత లైను, కొత్త లైను రెండూ పెట్టండి, రివ్యూ చేసేవాళ్లు కాదనలేరు. ఆర్‌ఎస్-485 కన్వర్టర్ల మీద పనిచేసేవాళ్లు ఎవరైనా సెలవులకు ఇటువైపు వస్తే మా షాపుకు రండి. ఉప్పు పట్టిన కనెక్టర్లు, సగం చచ్చిన కన్వర్టర్లు, కొరికేసిన కేబుళ్లు ఒక అట్టపెట్టె నిండా దాచిపెట్టాను. మీ ల్యాబ్‌లో దొరకని తప్పులన్నీ అందులో ఉన్నాయి. మీ కోడ్‌ను వాటి మీద నడిపి చూసుకోవచ్చు, వచ్చిన లైన్లు ఇద్దరం కలిసి చదువుదాం.

ఇట్లు,
ఒంగోలు నుంచి ఒక సర్వీసు టెక్నీషియన్